ఎలక్షన్ రేట్లు: ప్రిడిక్షన్ మార్కెట్లో సెంట్లను ఎట్ట చదవాల? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కరకంబాడి_రోడ్డు
ఫలితం మీద డబ్బు పెట్టే పాలీమార్కెట్, కల్షి లాంటి సైట్లలో (గెలిస్తే ఒక డాలరు, ఓడితే సున్నా) ఒక అభ్యర్థికి 62 సెంట్లు అని ఉంటే గెలుపు అవకాశం 62 శాతమనేనా? మన ఊళ్లో మధ్యస్థుడి దగ్గర డబ్బు పెట్టి కాసే పందేల కంటే ఇది నమ్మొచ్చా? పన్ను, చట్టం సంగతేంది? అసెంబ్లీ సీటు లెక్కకు పనికొస్తాదా?

బైరాగిపట్టెడ
ఆ 62 చూసి ఏమీ తేల్చొద్దు, ఆర్డర్ బుక్ (కొనే, అమ్మే రేట్ల పట్టీ) తెరవండి. పాలీమార్కెట్లో కొనేవాళ్ల పై రేటు 58, అమ్మేవాళ్ల కింది రేటు 66 ఉంటే మధ్యలో ఉండే 62ని తెర మీద చూపిస్తాది. ఆ రెండింటికీ తేడా 10 సెంట్లు దాటితే చివరి లావాదేవీ రేటు పెడతాది, అది ఎప్పటిదో ఏమో. తొందరపడి మార్కెట్ ఆర్డర్ (ఉన్న రేటుకు వెంటనే కొనేది) కొడితే 66కు తగులుతాది. వెంటనే అమ్మితే 58. అందుకే మన రేటు మనమే చెప్పే లిమిట్ ఆర్డరే పెట్టాల.

ఇంకోటి. 97 సెంట్లకు దొరికేది ఉత్త పుణ్యానికి వచ్చే డబ్బు కాదు. ఫలితం నాలుగు నెలల తర్వాత అయితే 97కి 3 వస్తాది, అంటే ఏడాదికి 9 శాతం చిల్లర. అందులో గెలుపు మీద అనుమానం ఎంత, డబ్బు ఇరుక్కున్నందుకు వడ్డీ ఎంత అనేది విడదీయకుండా ‘97 శాతం ఖాయం’ అని చదివితే తప్పు.

మామిడి_మండీ
దీనికి అమెరికా వాళ్లు నేర్పాల్నా సామీ? రూపాయికి రెండు లాభం అంటే 33 సెంట్లు. రూపాయికి మూడు అంటే 25. మన చిత్తూరు పందెంగాళ్లు నోటితో చెప్పే రేటే అది. పైగా మధ్యస్థుడు ఊళ్లోనే ఉంటాడు, ఫలితం రోజు సాయంత్రానికి డబ్బు చేతికొస్తాది.

కోటవీధి_లెక్కలు
చేతికొస్తాది, మధ్యస్థుడు ఊళ్లో ఉంటే. సరే, అసలు ఎవరూ మాట్లాడనిది చెప్తా: ఒప్పందం కింద రాసిన నిబంధన. పైన ఉండే శీర్షికకు విలువ లేదు. ‘2024లో తిరుపతి ఎవరిది?’ అని కాసుంటే ఎవరికి డబ్బు రావాల?

మామిడి_మండీ
జనసేనకు. ఆరణి శ్రీనివాసులు గెలిచినాడు కదా, చిన్నపిల్లోడికి కూడా తెలుసు.

ముక్కంటి_వీధి
ఎంపీ సీటు వైసీపీది. మద్దిల గురుమూర్తి. తిరుపతి అంటే పార్లమెంటే.

మామిడి_మండీ
తిరుపతిలో నిలబడి తిరుపతి అంటే టౌన్ కాదంటావా? శ్రీకాళహస్తి నుంచి వచ్చి మాకు చెప్తావా?

ముక్కంటి_వీధి
మా శ్రీకాళహస్తి కూడా ఆ పార్లమెంటులోనే ఉంది నైనా. సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, సత్యవేడు కూడా. నీ టౌన్ ఏడింటిలో ఒకటి. నోరు జాగ్రత్త.

కోటవీధి_లెక్కలు
చూసినారా, ఇద్దరూ రైటే, ఇద్దరూ కొట్టుకుంటా ఉండారు. ఇదే గొడవ పాలీమార్కెట్లో వస్తే ఎట్ట పోతాదంటే: ఫలితం ఇదీ అని ప్రతిపాదించేవాడు మామూలుగా 750 డాలర్లు పూచీ పెడతాడు. 2 గంటల్లో ఎవరూ కాదనకపోతే ఖాయం. రెండోసారి కూడా అభ్యంతరం వస్తే యూఎంఏ అనే క్రిప్టో టోకెన్ ఉన్నోళ్లు ఓటేసి తేలుస్తారు. 2025లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ వేసుకున్నది సూటా కాదా అనే పందెం మీదే పెద్ద గొడవ జరిగి ‘కాదు’ అని తేల్చినారు. ఎవరు గెలిచినారు అనేదాని కంటే ఏ సోర్సు ప్రకారం, ఏ తేదీకి, పార్టీనా కూటమినా అనేది ముందు చదవాల. 2024లో బీజేపీకి సొంత మెజారిటీ అన్నోళ్లు 240 దగ్గర పోయినారు, ఎన్డీయేకి అన్నోళ్లు 293తో గెలిచినారు.

ముక్కంటి_వీధి
ఇంకా తమాషా ఏందంటే, ఆ ఏడు అసెంబ్లీలూ కూటమే గెలిచింది, ఎంపీ మాత్రం వైసీపీ. ఏడు సీట్ల రేట్లు కూడి ఎంపీ రేటు కట్టే మేధావులు దీన్ని గోడకు అతికించుకోవాల.

కోటవీధి_లెక్కలు
గుణించడం కూడా తప్పే. ఒక్కో సీటు 80 శాతం ఉంటే ఏడూ గెలిచేది 21 శాతమే అని లెక్కేస్తారు. గాలి ఒకే పక్క వీస్తే సీట్లన్నీ కలిసి కదులుతాయి, కాబట్టి నిజమైన సంఖ్య దానికి చాలా పైన ఉంటాది. 2024లో 175కి కూటమికి 164 వచ్చింది ఇట్టాగే. యాక్సిస్ మై ఇండియా ఎగ్జిట్ పోల్ 98 నుంచి 120 అన్నది. దిక్కు సరిగ్గా చెప్పినారు, ఎంత అనేది చెప్పలేకపోయినారు.

అలిపిరి_ట్రేడర్
మీరంతా చిన్న మార్కెట్ల గురించి కొట్టుకుంటా ఉండారు. నిఫ్టీని మించిన ఎలక్షన్ మార్కెట్ ఉందా? ఎగ్జిట్ పోల్స్ నమ్మి 2024 జూన్ 3న 3 శాతం పైన లేచింది, 4న దాదాపు 6 శాతం పడింది. అదే 4 తర్వాత చంద్రబాబు కుటుంబం కంపెనీ హెరిటేజ్ షేరు వరసగా అప్పర్ సర్క్యూట్లు (ఆ రోజుకు పెరగనిచ్చే గరిష్ఠ హద్దు). చిత్తూరోళ్లకు దీనికంటే దగ్గరి ప్రిడిక్షన్ మార్కెట్ ఏముంది.

రూలుబుక్కు
ఆ షేరు సెబీ కింద ఉంది, మీరు అడిగే ప్రిడిక్షన్ మార్కెట్ దాని కింద లేదు. 2025 ఆగస్టు 22న ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. నడిపితే 3 ఏళ్ల జైలు, కోటి జరిమానా దాకా. ప్రచారం చేస్తే 2 ఏళ్లు, 50 లక్షల దాకా. మన దేశంలో ఇట్టాంటి యాప్ ప్రోబో ఆ నెలలోనే డబ్బాట ఆపేసింది. ఆడేవాణ్ణి కేంద్రం వదిలేసింది కదా అని సంబరపడొద్దు, ఏపీ గేమింగ్ చట్టంలోకి 2020 సవరణతో ఆన్‌లైన్ కూడా వచ్చింది. అక్కడ ఆడినోడికీ శిక్ష ఉంది. మామిడి మండీ గారూ, మీ మధ్యస్థుడు అయితే 1974 నుంచే దాని కిందికి వస్తాడు.

పలమనేరు_టు_కుప్పం
వీపీఎన్ వేసుకుంటే?

రూలుబుక్కు
లోపలికి పోవడం కాదు, డబ్బు బయటికి రావడం చూడు. ప్లాట్‌ఫాం ఎప్పుడైనా గుర్తింపు అడిగి ఆపేయొచ్చు. క్రిప్టోను పీ2పీలో (నేరుగా ఇంకొకడికి) అమ్మితే ఎదుటోడు పంపింది సైబర్ మోసం డబ్బు అయితే నీ బ్యాంకు అకౌంటు ఫ్రీజ్ అవుతాది, కేసు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ పోలీసుల చుట్టూ తిరగాల. పన్ను 30 శాతం, దాని మీద సెస్సు 4 శాతం, మొత్తం 31.2. క్రిప్టో లెక్క కింద పట్టుకుంటే నష్టాన్ని లాభంలో కోసుకోనీరు. అట్టయితే 50 సెంట్ల దగ్గర కొని అసలు నిలబడాలంటే 59 శాతం పైన గెలవాల. లెక్క వేసుకో. అంచనా వేసే సరదానే అయితే మానిఫోల్డ్ అనే సైట్లో ఉత్త పాయింట్లతో ఆడు.

మామిడి_మండీ
ఉత్త పాయింట్లకు ఎవడు ఒళ్లు దగ్గర పెట్టుకొని ఆడతాడు? అది అంచనా కాదు, కాలక్షేపం.

కౌంటింగ్_టేబుల్
ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది కౌంటింగ్ రోజున. డబ్బు ఉన్నా లేకున్నా అందరూ అక్కడే బోల్తా. 8కి పోస్టల్ బ్యాలెట్ మొదలు, 8:30కి ఈవీఎంలు. మామూలుగా అసెంబ్లీకి 14 టేబుళ్లు, బూత్ నంబర్ల వరసలో రౌండ్లు. 280 బూతులుంటే 20 రౌండ్లు. చంద్రగిరిలో తిరుపతి రూరల్ బూతులు ఒక రకం, యర్రావారిపాళెం బూతులు ఇంకో రకం. మూడో రౌండ్లో 4,000 లీడ్ అని టీవీలో రాగానే రేటు ఎగురుతాది, ఆ బూతులు పోయినసారి కూడా ఆ పార్టీకే 6,000 ఇచ్చినాయా అని ఎవడూ చూడడు. లీడ్ చూడొద్దు, అవే బూతుల పాత లీడుతో తేడా చూడండి. చివర్లో అసెంబ్లీకి 5 బూతుల వీవీప్యాట్ చీటీలు లెక్కపెడతారు, ప్రకటన లేటయ్యేది చాలావరకు అందుకే. ఏదో తిరగబడిందని రేటు పడితే భయపడాల్సిన పని లేదు.

కరకంబాడి_రోడ్డు
బూత్ వారీ పాత లెక్క ఎక్కడ దొరుకుతాది అన్నా?

కౌంటింగ్_టేబుల్
ఫారం 20. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్లో నియోజకవర్గం వారీగా ఉంటాది. చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే, అంకెలు చేత్తో ఎక్కించుకోవాల. 2019 నంబరును 2024 నంబరుతో నేరుగా కలపొద్దు. ఓటర్లు పెరిగినచోట బూతును రెండు చేస్తారు, దాని కింద నంబర్లన్నీ జరుగుతాయి. ఊరి పేరు, బడి పేరు చూసి కలపండి.