టాంగో పాటల్లో వదిలి వెళ్ళినావిడ గొంతేది?

మల్లెపందిరి: 1917లో అర్జెంటీనా టాంగో గాయకుడు గార్డెల్ పాడిన 'మి నోచే త్రిస్తే' (నా విషాద రాత్రి) నిన్న మళ్ళీ విన్నా, పాట అర్థం ఎదురుగా పెట్టుకుని. రాసింది పాస్కువల్ కొంతుర్సి. ప్రేమ పోయిన బాధని కథలా చెప్పే టాంగోలకి దారి వేసింది ఇదే అంటారు. పాటంతా వాడి గది, వాడి మంచం, వాడి ఏడుపే. ఆవిడ ఎందుకెళ్ళిందో ఒక్క ముక్క లేదు. తప్పంతా ఆవిడ మీదే వేసినట్టు మీకెవరికీ అనిపించలేదా?

రాత్రిబండి: ఆ పాటలో చూడాల్సింది వస్తువులండీ. అద్దం మసకబారి ఏడ్చినట్టుందంటాడు, గిటార్ బీరువాలో వేలాడుతోంది ముట్టేవాళ్ళు లేరు, దీపం కూడా సరిగ్గా వెలగనంటోంది, రాత్రి తలుపు వెయ్యడు తీసుంచితే వస్తుందేమోనని, మాతేలోకి బిస్కెట్లు ఇంకా తెస్తూనే ఉన్నాడు ఆవిడ ఉన్నప్పటిలాగే. ఇందులో నింద ఎక్కడుంది?

పాతరేడియో: మాతే అంటే మన టీ లాంటిదా?

ఓడరేవు: ఆకు కషాయం, గొట్టంతో పీలుస్తారు. ఒకే గిన్నె చేతులు మారుతుంది. ఒక్కడే కూర్చుని తాగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మల్లెపందిరి: మొదటి లైన్లోనే 'అమురాస్తే' అన్నాడు, నన్ను వదిలేశావని. అది నింద కాదా?

రాత్రిబండి: అది లుంఫార్దో, బ్యూనస్ ఎయిర్స్ పేటల్లో మాట. వదిలేసింది కాబట్టి వదిలేశావన్నాడు. ఇంకేమనాలి?

మల్లెపందిరి: నిన్ను ప్రేమించానని తెలిసి కూడా వెళ్ళావంటాడే వెంటనే, అదీ ఉత్త సమాచారమేనా?

ఓడరేవు: ఒక్క మాట పట్టుకుని ఎంతసేపండీ. 1914 జనాభా లెక్కల్లో బ్యూనస్ ఎయిర్స్‌లో దాదాపు సగం మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్ళే. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి ఓడెక్కి ఒంటరిగా వచ్చిన మగాళ్ళు బోలెడుమంది, కొన్వెంతీయోలనే ఉమ్మడి అద్దె ఇళ్ళల్లో ఇరుకు గదులు. ఆ ఏడుపులో ఊరి బెంగ కూడా ఉంది.

మల్లెపందిరి: ఊరి బెంగ ఆడదాని నెత్తిన రుద్దడం దేనికి? 1928లో డిసెపొలో రాసిన ఇంకో టాంగో 'ఎస్తా నోచే మె ఎంబొర్రాచో' (ఈ రాత్రి తాగేస్తా) చూడండి, పదేళ్ళ కిందటి ప్రేయసి తెల్లారుజామున క్యాబరే నుంచి బయటికొస్తుంటే ఈకలు పీకిన కోడిపుంజులా ఉందంటాడు. ఇదా ప్రేమ?

రాత్రిబండి: దాన్ని మొదట్లోనే పాడి పేరు తెచ్చింది అజుసేనా మైజానీ, ఆడమనిషే. అయినా మీకు మగాడు ఏడిస్తేనే తప్పులా ఉంది. మా ఆవిడ వెళ్ళి మూడేళ్ళు. దువ్వెన ఇంకా కిటికీలోనే ఉంది, తియ్యలేకపోతున్నా. నేనెవర్నీ ఒక్క మాట అనలేదు.

మల్లెపందిరి: నేను వదిలి వచ్చినదాన్నండీ. ఆయనా ఒక్క మాట అనలేదు. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా 'అదే నా ప్రాణం' అని కళ్ళు తుడుచుకునేవాడు, మా పిన్నిలు ఆయనకి కొసరి వడ్డించి నా వంక చూసేవాళ్ళు. ఏడేళ్ళు రాత్రి పదకొండు దాకా అన్నం గిన్నె మీద మూత పెట్టుకుని కూర్చున్నది నేను, అది ఎవరూ అడగలేదు. ఆయన బాధ అబద్ధం అనను. ఆ బాధ చూసే అందరూ నన్ను తప్పుపట్టారు.

పాతరేడియో: 🙏

రాత్రిబండి: మరి బాధ ఎవరికీ చెప్పుకోకూడదా?

మల్లెపందిరి: చెప్పుకోండి. ఆవిడ ఎందుకెళ్ళిందో మీకు తెలిస్తే అదీ చెప్పండి. తెలుసా?

రాత్రిబండి: తెలుసండీ. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.