స్పంజిక పద్యం: ‘ఒకనోట’నా, ‘ఒకబాట’నా?

పాత నోట్సు:
ఒక పద్యం ముక్క నన్ను వదలడం లేదు. ఇంటర్ బైపీసీలో మా జువాలజీ మేష్టారు పొరిఫెరా, అంటే స్పంజికల (స్పాంజి ప్రాణుల) పాఠం మొదలుపెట్టేముందు బోర్డు మీద ఒక ఆటవెలది రాసేవారు. రెండు, మూడు పాదాలు గుర్తున్నాయి:

కాలు చేయి లేదు కదలదు గద
వేయి కనుల నీరు వెడలించు నొకనోట

మొదటి పాదమూ చివరి పాదమూ పోయాయి. మూడో పాదం చివర నా చెవిలో ఉన్నది ‘నొకనోట’. నాతో చదివిన స్నేహితురాలు మాత్రం ‘నొకబాట’ అని గట్టిగా అంటోంది. ఎవరి పద్యం? పూర్తి పాఠం ఎవరి దగ్గరైనా ఉందా?

యతిమైత్రి:
ఛందస్సు దీన్ని తేల్చదండీ. వేయి, కనుల, నీరు అని మూడు సూర్యగణాలు. వెడలించు, నొకనోట రెండూ సలాలు, అంటే ఇంద్రగణాలు. యతి ‘వే–వె’ దగ్గరే కుదిరిపోయింది. ‘నో’ తీసి ‘బా’ పెట్టినా గురువు స్థానంలో గురువే. ఇక మిగిలింది వ్యాకరణం. నా మొగ్గు ‘నోట’ వైపు. నోరు ఔపవిభక్తికం, అంటే విభక్తిలో రూపం మారే మాట; ‘నోట’ అనగానే సప్తమి పలికేసింది. ‘బాట’ దగ్గర విభక్తి కనిపించదు.

అరసున్న:
‘బాటఁ’ అని అరసున్న (‘బాటన్’లోని నకారానికి గుర్తు) వేసుకుంటే విభక్తీ నిలుస్తుంది, గణమూ నిలుస్తుంది. బోర్డు మీద సుద్దముక్కతో రాసేటప్పుడు అరసున్న పెట్టేవాళ్ళు అరుదు, పెట్టినా నోట్సులోకి ఎక్కించుకునే పిల్లలు ఇంకా అరుదు. కాబట్టి వ్యాకరణాన్ని చూపించి ‘బాట’ను కొట్టెయ్యలేం.

జీవలోకం:
నేను జంతుశాస్త్రం చెప్పేదాన్ని, అటువైపు నుంచి చెప్తాను. ‘నోట’ అయితే పద్యం శాస్త్రానికి ఎదురు తిరిగినట్టే. స్పంజికకు నోరు లేదు. ఒంటినిండా ఉన్న సన్నని రంధ్రాలు, అంటే ఆస్టియా, వాటిలోంచి నీరు లోపలికి వస్తుంది. లోపలి గదుల గోడల్లో కాలర్ కణాలు వరసగా ఉంటాయి. ఒక్కో కణానికి ఒక కశాభం (కొరడాలాంటి పోగు), దాని చుట్టూ సన్నని పట్టీలాంటి కాలరు. కశాభాలు కొట్టుకుంటుంటే ప్రవాహం పుడుతుంది, కాలరు దగ్గర బ్యాక్టీరియా లాంటి సూక్ష్మకణాలు చిక్కుతాయి. జీర్ణక్రియ కూడా కణాల లోపలే. తిండి అంతా తీసేసుకున్నాక మిగిలిన నీరు, వ్యర్థాలతో సహా, ఆస్కులం అనే పెద్ద రంధ్రం గుండా బయటికి పోతుంది. తిండి వచ్చే దారి ఆస్టియా, వ్యర్థం పోయే దారి ఆస్కులం. ఆ రెండోదాన్ని నోరు అంటామా? పాఠం చెప్పే మనిషి ‘బాట’ అనే రాసి ఉంటారు.

లాటిన్ బడి:
అక్కా, ఆ ‘ఆస్కులం’ అన్న మాటకే అర్థం ‘చిన్న నోరు’ కదా. లాటిన్‌లో ‘ఓస్’ అంటే నోరు, దాని అల్పార్థకం ఆస్కులం. ముద్దు అనే అర్థం కూడా ఉంది. శాస్త్రజ్ఞులే నోరన్నారు, పద్యకారుడు దాన్ని తెలుగులో పెట్టాడు. పొరపాటు ఏమైనా ఉంటే అది పేరు పెట్టినవాళ్ళది, పద్యానిది కాదు.

ఇంకో సాక్ష్యం. ఎడింబరోలో రాబర్ట్ గ్రాంట్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1825లో సముద్రపు నీళ్ళున్న గాజు పళ్ళెంలో చిన్న స్పంజిక ముక్కను పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాడు. గుండ్రని రంధ్రంలోంచి నీరు వేగంగా ఎగజిమ్ముతూ, ముద్దముద్దలుగా పదార్థాన్ని చుట్టూ చిమ్ముతూ కనిపించింది. ఆ దృశ్యాన్ని వర్ణించడానికి ఆయన వాడిన క్రియ ‘కక్కడం’. బతికున్న ఊట కక్కుతోందన్నాడు. కక్కడం నోటి పనే. పొరిఫెరా అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. ఆయన దగ్గర కుర్ర డార్విన్ సముద్రజీవుల్ని చూడడం నేర్చుకున్నాడు.

విశాఖ తీరం:
గ్రాంట్ సంగతి బాగా తెచ్చారు తమ్ముడూ. కానీ నాకు అందులో ముఖ్యంగా కనిపిస్తున్నది ‘వెడలించు’. ‘వెడలు’ కాదు, ‘వెడలించు’. నీరు దానంతట అది కారిపోవడం లేదు, ఆ జీవి పనిగట్టుకుని పంపిస్తోంది. గ్రాంట్‌కు ముందు స్పంజిక మొక్కా, జంతువా, ఉత్త నురగ గడ్డా అన్న వాదన నడిచింది. ఆ ప్రవాహం చూశాకే జంతువన్న మాటకు బలం వచ్చింది. పద్యానికి ప్రాణం ఆ ప్రేరణార్థకంలో ఉంది. ‘నో’నా ‘బా’నా అన్నది దాని తరవాతే.

యతిమైత్రి:
ప్రేరణార్థకం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే అది కూడా నా పక్షానికే బలం. బాటన పంపించడం ఎవరైనా చేస్తారు. నోట వెడలించడం అంటే ఊపు ఉంటుంది.

జీవలోకం:
ఊపు మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్తాను, పాఠ్యపుస్తకాల్లో తరచూ ఇచ్చే ఉదాహరణే. 10 సెంటీమీటర్ల ఎత్తు, సెంటీమీటరు మందం ఉన్న చిన్న ల్యుకోనియా స్పంజికలో నీరు లోపలికి వచ్చే కాలువలు సుమారు 81,000 అని అంచనా. వాటిలో నీటి వేగం సెకనుకు 0.1 సెంటీమీటరు. లోపల 20 లక్షలకు పైగా కశాభ గదులు. అన్ని గదుల వైశాల్యం కలిపితే చాలా ఎక్కువ కాబట్టి అక్కడ వేగం సెకనుకు 0.001కి పడిపోతుంది. కణాలు తిండి పట్టుకోవడానికి ఆ నిదానం కావాలి. తరవాత నీరంతా ఒక్క ఆస్కులంలోకి చేరేసరికి వేగం సెకనుకు 8.5 సెంటీమీటర్లు. వాడేసిన నీరు మళ్ళీ తన రంధ్రాల్లోకే రాకుండా దూరంగా పోవాలి కదా. జార్జ్ బిడ్డర్ 1923లోనే స్పంజిక ఆకారానికీ ఈ ప్రవాహాలకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. గుండె లేదు, నరం లేదు, కండరం లేదు, ఆకారమే ఇంత పని చేస్తోంది. ఎన్నిసార్లు పాఠం చెప్పినా ఇక్కడికి రాగానే నా గొంతు మారిపోతుంది.

ఊపు ఉందని ఒప్పుకుంటాను. నోరు ఉందని మాత్రం ఒప్పుకోను.

అరసున్న:
81 వేల కాలువలు ఉన్నప్పుడు ‘వేయి’ అనడం తక్కువే అయింది. అయినా మన పద్యాల్లో వేయి అంటే లెక్కపెట్టలేనన్ని అనే.

నాకు అసలు రుచించింది ‘కనుల’. కన్ను అంటే చూసేది అనుకుని చదివితే పద్యం తేలిపోతుంది. వల కన్ను, జల్లెడ కన్ను, కొబ్బరికాయ కన్ను, ఇవన్నీ తెలుగులో రంధ్రాలే. ఆస్టియాకు ఇంతకంటే మంచి తెలుగు మాట ఏముంటుంది? పాఠ్యపుస్తకాల్లో కుల్యావ్యవస్థ (కాలువల ఏర్పాటు), కంటకాలు (ఒంట్లోని సన్నని ముళ్ళు) అని సంస్కృతం తెచ్చుకున్నాం గాని ‘కన్ను’ మన చేతిలోనే ఉంది.

చాటుధార:
కనుల దగ్గర ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ‘వేయి కనుల’ అనగానే తెలుగువాడి మనసు ఇంద్రుడి మీదికి పోతుంది. ముందు పాదంలో ‘కాలు చేయి లేదు, కదలదు’ అని చెప్పి ఇంద్రుణ్ణి తోసిపుచ్చాడు. అంటే ఇది పొడుపు పద్యం. తరగతిలో పిల్లల్ని అడిగి, ‘ఎవరు?’ అని తేల్పించేందుకు రాసింది. పైగా ‘కనుల నీరు’ అని కలిపి చదివితే కన్నీరు. వేయి కళ్ళ కన్నీరు నోటివెంట రావడం వింత, ఆ వింతే పొడుపు. కన్నుకు జోడీ నోరే అవుతుంది, బాట కాదు. శరీర భాగాల వరస చూడండి: కాలు, చేయి, కన్ను, నోరు.

పింగళి సూరన రెండు కథల్ని ఒక్క పద్యంలో నడిపించిన భాష ఇది. ఒక ఆటవెలదిలో ఇంద్రుడూ స్పంజికా ఇమడకపోతారా?

పాత నోట్సు:
ఆ నాలుగు అవయవాల వరస నాకు తట్టలేదండీ. చాలా బాగుంది. ఇంతకీ పద్యం ఎవరిది?

గడ్డిపోచ:
జాషువా గారిదేమో. చిన్న ప్రాణుల మీద అంత ప్రేమగా రాసినవారు ఇంకెవరున్నారు? గిజిగాడి గూడునూ, సాలీడు నేతనూ పనితనంగా చూసిన కవి. సాలీడును చూసి లోపల నూలు తయారుచేసే మర ఉందా అని ఆశ్చర్యపోయిన మనసు స్పంజికను చూస్తే ఊరుకుంటుందా? వినుకొండ ప్రాంతంలో పుట్టినాయన పల్లె ప్రాణుల్నే కాదు, దేన్నైనా అంత దగ్గరగా చూడగలరు. ఆయన పద్యం చదివాక సాలెగూడును చీపురుతో తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

యతిమైత్రి:
జాషువా అంటే నాకూ ప్రాణమే, కానీ ఆయన మీద వెయ్యకండి. గిజిగాడు, సాలీడు పద్యాలు వృత్తాలు. వాటి నడకే వేరు. ఇక్కడ ‘కదలదు గద’ అన్న వాక్యంలో బడిపంతులు గొంతు వినిపిస్తోంది.

జీవలోకం:
బడిపంతులే అనడానికి నా దగ్గర ఇంకో ఆధారం ఉంది. ‘ఒక’ అన్న మాట చూడండి. స్పంజికలన్నిటికీ ఆస్కులం ఒక్కటే ఉండదు. స్నానానికి వాడే స్పాంజి లాంటి ల్యూకాన్ (చిక్కటి కాలువల నిర్మాణం ఉన్న) రకాల్లో చాలా ఉంటాయి. ‘ఒక’ అని ధీమాగా రాసినవారి కళ్ళముందు ఉన్నది సైకాన్ అనే చిన్న స్పంజిక. మన ప్రాక్టికల్స్‌లో సీసాలో ఉండేదీ, అడ్డుకోత గీయించేదీ అదే. గొట్టంలాంటి ఒళ్ళు, పైన ఒక్క ఆస్కులం, దాని చుట్టూ కంటకాల అంచు. కంటకాలు కాల్షియం కార్బనేట్‌వి కాబట్టి అది కాల్కేరియా తరగతి. ఆరు కిరణాల సిలికా కంటకాలున్న గాజు స్పంజికలు హెక్సాక్టినెల్లిడా. 9 వేలకు పైగా ఉన్న జాతుల్లో నూటికి ఎనభైకి పైగా డెమోస్పాంజియే అనే మూడో తరగతిలోనే. నాలుగోది హోమోస్క్లీరోమార్ఫా, దాన్ని డెమోస్పాంజియే నుంచి విడదీసి 2012లో తరగతి హోదా ఇచ్చారు. పాత నోట్సు గారి పుస్తకంలో మూడే ఉండి ఉంటాయి.

విశాఖ తీరం:
‘వేయి కనుల నీరు’ కూడా అన్నిటికీ వర్తించదు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో సముద్రపు గుహలో దొరికిన ఆస్బెస్టోప్లూమా అనే స్పంజిక మాంసాహారి అని 1995లో తేలింది. దానికి కాలువలూ లేవు, కాలర్ కణాలూ లేవు. కొక్కేల్లాంటి కంటకాలతో చిన్న రొయ్యజాతి ప్రాణుల్ని పట్టి, కణాలే వాటి మీదికి పాకి జీర్ణించుకుంటాయి.

రెండో పాదం మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. ‘కదలదు గద’ అని అంత తేలిగ్గా అనగలమా? పిల్లదశలో చాలా స్పంజికలు ఈదుతాయి. పెద్దయ్యాక కూడా కొన్ని రోజుకు మిల్లీమీటర్ల చొప్పున జరుగుతాయి. ఆర్కిటిక్ సముద్రపు అడుగున స్పంజికలు జరిగిన దారిలో కంటకాలు రాలి జాడలుగా మిగిలినట్టు 2021లో ప్రకటించారు.

అరసున్న:
జాడలంటే బాటే కదా! ‘నొకబాట’ పక్షానికి ఆర్కిటిక్ నుంచి సాక్ష్యం వచ్చింది.

లాటిన్ బడి:
అలా అయితే నా పక్షాన కరీబియన్ సాక్ష్యం. అక్కడి అప్లిసినా ఆర్చెరీ అనే గొట్టం స్పంజిక తుమ్ముతుందని 2022లో రాశారు. ఒళ్ళంతా మెల్లిగా ముడుచుకుని వదులవుతుంది, ఒక్కో తుమ్ముకు పదుల నిమిషాలు పడుతుంది. తుమ్ములో జిగురు బయటికి వచ్చేది ఆస్కులం నుంచి కాదు, ఆస్టియా నుంచి, నీటి ప్రవాహానికి ఎదురుగా. చుట్టూ ఉన్న చిన్న ప్రాణులు దాన్ని తింటాయి. అంటే ‘వేయి కనుల’ నిజంగానే నీరు కారుతోంది. చాటుధార గారు చెప్పిన కన్నీటి శ్లేష ఇక్కడ అక్షరాలా కుదిరింది.

చాటుధార:
ఆ పద్యం రాసిన రోజుకు ఎవరికీ తెలియని సంగతి పద్యంలో ఇమిడిపోవడం! ఒళ్ళు పులకరించింది.

మొదటి పాదం నా చిన్నప్పుడు మా పెద్దన్నయ్య నోట విన్నట్టు అనిపిస్తోంది: ‘మొక్క వోలె నుండు ముట్టగా జంతువు’. యతి ‘మొ–ము’, ఒకారానికీ ఉకారానికీ మైత్రి ఉంది.

జీవలోకం:
ఛందస్సు మాట మీరు చూసుకోండి, ‘ముట్టగా’ నాకు ఎక్కదు. అత్తిపత్తిలా ముట్టగానే ముడుచుకోదు. ముట్టి చూస్తే జంతువని తెలియదు, గ్రాంట్‌లా కూర్చుని చూడాలి. ‘మొక్క వోలె నుండు’ వరకు ఉంచండి.

యతిమైత్రి:
నాలుగో పాదం ఎవరూ పూరించడం లేదు కాబట్టి నేను పూరిస్తున్నాను:

కడలి వడియగట్టు కాయ మిదియె

అయిదు సూర్యగణాలు, ‘క–కా’ యతి. అరసున్న గారి జల్లెడ కన్నుకూ ఇది అతుకుతుంది. 1907లో విల్సన్ అనే అమెరికన్ బ్రతికున్న స్పంజికను సన్నని బట్టలోంచి వడగట్టి కణాలు కణాలుగా విడదీస్తే, అవి మళ్ళీ పాకి ఒకదాన్నొకటి పట్టుకుని కొత్త స్పంజికగా కట్టుకున్నాయి. కడలిని వడగట్టే కాయాన్ని మనిషి వడగట్టాడు, అయినా అది నిలిచింది.

విశాఖ తీరం:
పూరణ బాగుంది మేష్టారూ. ఒక్కటే పట్టుకుంటాను: ‘కడలి’ అంటే మంచినీటి స్పంజికలు బయటే ఉండిపోతాయి. చెరువుల్లో పుల్లల మీద, రాళ్ళ మీద పచ్చగా పెరిగే స్పాంజిల్లా ఉంది కదా. కలకత్తా మ్యూజియంలో పనిచేసిన అన్నండేల్ 1911లోనే మన దేశపు మంచినీటి స్పంజికల మీద సంపుటం వేశాడు.

యతిమైత్రి:
‘జలము వడియగట్టు జంతు విదియె’. ‘జ–జం’ యతి, గణాలు సరి. కడలీ చెరువూ రెండూ వచ్చాయి.

అరసున్న:
‘జలము’ వద్దండీ. మూడో పాదంలో ‘నీరు’ అన్న నోటితో వెంటనే ‘జలము’ అంటే తెలుగు తగ్గిపోతుంది. ‘కడలి’నే ఉంచండి, చెరువు స్పంజికకు వేరే పద్యం రాసుకుందాం.

పాత నోట్సు:
స్నేహితురాలికి ఇదంతా చదివి వినిపించాను. ఇప్పుడు ఆమె ‘నొకబాట’ కూడా కాదు, ‘నొకమూతి’ అంటోంది. కుండకు, సీసాకు, సంచికి మనం మూతి అంటాం కాబట్టి ఆస్కులానికీ అదే సరైనదట. యతిమైత్రి గారూ, ‘మూతి’కి సప్తమి ఎలా తెద్దాం?