పోచంపల్లి బట్ట మీటరుంపావే మిగిలింది, బొంత పూర్తవుతుందా?

కుట్టుపెట్టె_తార్నాక:
సింగిల్ కాట్ బొంత ఒకటి సగంలో ఆగింది. బ్లాకులు (ముక్కలు అతికి చేసిన చదరాలు) 24 తయారు. ఒక్కొక్కటి 10½ అంగుళాలు, అతికాక 10 వస్తుంది. రెండు మాత్రం 10¼ దగ్గర తేలాయి. బ్లాకుల్లో వాడిన మెరూన్ ఇక్కత్ మీటరుంపావు ఉంది. ఉతికి ఇస్త్రీ చేశాక పొడవు 47 అంగుళాలు, గట్టి అంచులు తీసేస్తే పన్నా (బట్ట వెడల్పు) 42. ఇప్పుడు షాపులో ఉన్న తాను రంగు కలవట్లేదు. చుట్టూ 4 అంగుళాల బోర్డరు, చివర అంచు పట్టీ రెండూ దీన్లోంచే తీయాలని ఉంది. ఇంకా జరీ లేని పాత నూలు చీర (పన్నా 46), పాత సింగిల్ దుప్పటి, చిన్న ముక్కల సంచీ ఉన్నాయి. మిషను పాత ఉషా, తొక్కుడుది. కత్తెర ఎక్కడ పెట్టమంటారు?

పావంగుళం:
కత్తెర కంటే ముందు కాగితం తీయండి. 24 బ్లాకులు 4×6గా నేరుగా అతికితే 40×60 అంగుళాలే, పిల్లల సైజు. బ్లాకుల మధ్య, చుట్టూ 2 అంగుళాల పట్టీలు వేస్తే 50×74 అవుతుంది. ఆ పట్టీలకి మెరూన్ ముట్టుకోవద్దు. సికింద్రాబాద్ జనరల్ బజార్లోనో, కోఠి సుల్తాన్ బజార్లోనో సాదా క్రీమ్ కేంబ్రిక్ (నూలు బట్ట) 44 పన్నా మీటరుంపావు తెచ్చుకోండి. 2×2 రూబియా (జాకెట్టు బట్ట) వద్దు, ఇక్కత్ పక్కన అది పల్చబడి లాగేస్తుంది.

కావలసిన పట్టీలు 58, ఒక్కొక్కటి 2½×10½. పన్నా అడ్డంగా 10½ అంగుళాల వెడల్పున నాలుగు బారు ముక్కలు కోసి, ఒక్కో దాంట్లోంచి 2½ చొప్పున 16 తీయండి. మొత్తం 64, అంటే ఆరు మిగులు. పట్టీలు కలిసే మూలల్లో 2½ అంగుళాల చదరాలు 35 కావాలి, అవి మీ సంచీలోంచి.

ఇక మెరూన్: బోర్డరు 3 అంగుళాలు చాలు, బొంత 56×80 అవుతుంది. పరుపు 36 వెడల్పు అనుకుంటే రెండు వైపులా పది పది అంగుళాలు వేలాడుతుంది. పన్నా అడ్డంగా 3½ వెడల్పు పట్టీలు 7 బోర్డరుకి, 2¼ వెడల్పువి 8 అంచుకి. 24½ + 18 = 42½. మీ 47లో సరిపోయింది. 4 అంగుళాల బోర్డరు అయితే 49½ కావాలి, రాదు.

అతుకులబొంత:
లెక్క సరే కానీ పావంగుళం గారూ, అడ్డంగా ఎందుకు కోయడం? పేక (అడ్డపు నూలు) వైపు సాగుతుంది, 74 అంగుళాల బోర్డరు అలలు తేలుతుంది. పడుగు (నిలువు నూలు) వెంట, నిలువుగా కోయండి. 47 పొడవు పట్టీలు బోర్డరుకి 6 (21 అంగుళాల పన్నా), అంచుకి 7 (15¾). మొత్తం 36¾. పక్కన 5¼ వెడల్పు, 47 పొడవు ముక్క మిగులుతుంది. అందులో 2½ చదరాలు రెండు వరసలు, వరసకి 18. కావలసిన 35 మూలలూ ఒకే మెరూన్‌లో వచ్చేస్తాయి, ఒకటి ఎక్కువ కూడా. అడ్డంగా కోస్తే మిగిలే నాలుగున్నర అంగుళాల్లో ఈ పని జరగదు. అయితే గీత పావంగుళం వంకర పోయినా చివరి వరస పోతుంది. అందుకే పొడవైనవి ముందు, చదరాలు ఆఖరున కోయండి. అంచు పట్టీలు ఇప్పుడే కోసి, కవర్లో పెట్టి పేరు రాసేయండి. చాలా బొంతలు అటక మీద ఉండిపోయేది అంచు బట్టని మధ్యలో దేనికో వాడేయడం వల్లే.

ఇక్కత్‌లో ఇంకో లాభం ఉంది. నూలుకే రంగు వేసి నేస్తారు కాబట్టి తిరగా బోర్లా తేడా కనిపించదు. తప్పు దిక్కున కోసిన త్రికోణాన్ని తిప్పేసి వాడుకోవచ్చు. ప్రింటు బట్టతో అది కుదరదు. డిజైను డిజైనుకి కలపాలని మాత్రం చూడకండి, ఉన్న బట్టంతా దానికే పోతుంది.

10¼ బ్లాకుల కోసం మిగతా 22 తరగక్కర్లేదు. ఎక్కువున్న ముక్క కింద, తక్కువున్నది పైన పెట్టి, రెండు చివరలూ మధ్యా పిన్ను పెట్టి కుట్టండి. మిషను కింది పళ్ళు ఎక్కువున్న గుడ్డని లోపలికి లాక్కుంటాయి, పావంగుళం తేడా సర్దుకుంటుంది. అసలు ముప్పు కుట్టు వదిలే వెడల్పుది. ఒక వరసలో 8 అతుకులు ఉన్నాయి. ప్రతి గుడ్డలోనూ వీసం (పదహారో వంతు) అంగుళం ఎక్కువ పట్టేస్తే వరస చివర అంగుళం తగ్గుతుంది. పాదం పక్కన పావంగుళం దూరంలో మిషను మీద టేపు అంటించుకోండి.

కుట్టుపెట్టె_తార్నాక:
నిలువుగానే కోస్తాను, అంచు పట్టీకి క్రాస్ (ఏటవాలుగా కోసిన బట్ట) కావాలా అని ఒక్క సందేహం. అడుగు గుడ్డకి చీర రెండు ముక్కలు నిలువుగా అతకాలనుకుంటున్నా.

పావంగుళం:
అంచులు తిన్నగా ఉన్నప్పుడు క్రాస్ అక్కర్లేదు, బట్ట దండగ. పట్టీలని ఒకదానికొకటి మాత్రం ఏటవాలుగా అతకండి, లేకపోతే అతుకు దగ్గర ముద్ద కడుతుంది. చుట్టుకొలత 272, మూలలకి, చివరి అతుక్కి 12 కలిపితే 284. ఏడు పట్టీలు ఏటవాలుగా అతికాక 315 వస్తుంది, దిగుల్లేదు.

బోర్డరు పొడవు అంచు దగ్గర కొలవకండి, బొంత నడిమధ్యన కొలవండి. ఎదురెదురు పట్టీలు రెండూ ఒకే కొలత కోసి, మధ్యన, పావు భాగాల దగ్గర పిన్ను పెట్టి ఆ కొలతకే బొంతని సర్దండి.

దుప్పట్లు_దూది:
చీర నిలువుగా అతకొద్దు. నాలుగు వైపులా 4 అంగుళాలు వదిలితే అడుగు గుడ్డ 64×88 కావాలి. నిలువు అతుకుకి 88వి రెండు, అంటే 176 అంగుళాల చీర పోతుంది. అడ్డం అతుకు వేస్తే 64వి రెండు, 128 చాలు. పన్నా 46 రెండు కలిస్తే అర అంగుళం కుట్టు పోను 91, నిలువు కొలతకి సరిపోతుంది. అయిదున్నర మీటర్ల చీరలో ఇంకా 88 అంగుళాలు మిగులుతుంది. కోసే ముందు వెలుతురుకి పట్టి చూడండి. ఫాల్ కుట్టిన చోట, కుచ్చిళ్ళ దగ్గర నూలు అరిగి ఉంటుంది, ఆ భాగం వదిలేయండి.

మధ్య పొరకి ఆ పాత దుప్పటే వేసుకోండి, మన ఎండలకి అది చాలు. 60×90 ఉంటే అతుకు కూడా లేదు. ఏకిన దూది వేస్తే రెండు అంగుళాలకో వరస కుట్టాలి, లేదంటే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది. దుప్పటికి మూడు అంగుళాల దూరం సరిపోతుంది.

అడుగు గుడ్డని బోర్లా పరిచి, లాగకుండా ముడతలు మాత్రం తీసి, నేలకి టేపుతో అంటించండి. దాని మీద దుప్పటి, ఆపైన అతుకుల పొర. మధ్యనుంచి బయటికి నాలుగేసి అంగుళాలకి కచ్చా కుట్టు వేయండి. బయటినుంచి లోపలికి వస్తే గుడ్డంతా మధ్యలో గుమిగూడుతుంది. ఈ పనికి ఒక పూట పడుతుంది, ఇక్కడ తొందరపడితే వెనక ముడతలు ఖాయం.

తొక్కుడు మిషను మీద పట్టీల గాడి (అతుకు గీత) వెంట తిన్నని గీతలే కుట్టండి. 16 నెంబరు సూది, కుట్టు 3 మిల్లీమీటర్లు, పాదం పైన ఉండే మర కాస్త వదులు చేయండి. బిగువుగా ఉంటే పై పొర ముందుకి జరిగిపోతుంది. బ్లాకుల లోపల చేత్తో దూరపు కుట్టు వేసుకోవచ్చు.

చెరువుగట్టు:
ఒక్క మాట. మెరూన్ పక్కన క్రీమ్ వేస్తున్నారు, రంగు దిగుతుందేమో చూశారా? తడి తెల్ల గుడ్డ దాని మీద పరిచి వేడి ఇస్త్రీ పెట్టండి. మరక అంటితే నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకాలి. రాళ్ళ ఉప్పులో నానబెట్టడం దీనికి మందు కాదు. అద్దకం వేసేటప్పుడు ఉప్పుకి పని ఉంది కానీ, నేసిన బట్టలో మిగులు రంగుని అది ఆపదు. బొంత పూర్తయ్యాక మొదటి ఉతుకు చల్లని నీళ్ళలో, బకెట్లో కాకుండా పెద్ద టబ్బులో వేయండి. తడిగా మడిచి పెట్టకుండా వెంటనే నీడలో పరచండి.