కొత్త బడ్జీ రెక్కలు కత్తిరించి మచ్చిక చేయడం సరైనదేనా?

కొర్లగుంట అమ్మ
మా అబ్బాయి ఏడో తరగతి. పక్షి కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. మొన్న ఆదివారం తిరుపతిలోనే ఒక దుకాణంలో ఆకుపచ్చ బడ్జీ పిల్లను కొన్నాం. మన వైపు లవ్ బర్డ్స్ అని అమ్మే పక్షే. నుదుటి మీది గీతలు ఇంకా ముక్కు దాకా ఉన్నాయి కాబట్టి వయసు నాలుగు నెలల లోపే అన్నారు. చేయి పంజరం దగ్గరికి వెళితే చాలు, అటు చివరకు ఎగిరి ఊచలు పట్టుకుని వేలాడుతోంది. దుకాణం అతను, "రెక్కలు కత్తిరిస్తాను తీసుకురండి, వారంలో చేతి మీద కూర్చుంటుంది" అంటున్నాడు. మా అత్తగారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. మా వారు మాత్రం కత్తిరించడమే మంచిదంటున్నారు. హాల్లో సీలింగు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, వీధి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వంటింటికి తలుపే లేదు. ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తోంది. పక్షులు పెంచేవారు ఏమంటారు?

కట్టమంచి పక్షిశాల
అమ్మా, నేను చిత్తూరులో చాలా ఏళ్లుగా బడ్జీలు పెంచుతున్నాను. కత్తిరించడం మహాపాపం అనేవాళ్లు ఎలాగూ వస్తారు, ముందు నా మాట వినండి. పెరిగిన ఈకలో ప్రాణం ఉండదు. మనం గోళ్లు తీసుకున్నట్టే అది కూడా. నొప్పి ఉండదు, ఈకలు మారే కాలం రాగానే కొత్తవి వచ్చేస్తాయి.

మన ఇళ్లలో బడ్జీ ప్రాణం తీసేవి రెండు: తిరిగే ఫ్యాను, తెరిచిన తలుపు. బయటికి వెళ్లిన బడ్జీకి ఈ ఊళ్లో తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. కాకులు చుట్టుముడతాయి. ఆ పిల్లను పోగొట్టుకుని మీ అబ్బాయి ఏడవడం కన్నా కొన్ని నెలలు రెక్క కురచగా ఉండటం నయం కాదా?

అయితే ఎలా కత్తిరిస్తారన్నది ముఖ్యం. చాలామంది ఒక్క రెక్కనే కత్తిరిస్తారు. అది తప్పు. పక్షి బొంగరంలా తిరుగుతూ కింద పడుతుంది. రెండు రెక్కలూ సమానంగా, బయటి వైపు ఐదారు ఈకలు మాత్రమే తీయాలి. అప్పుడు పైకి లేవలేదు కానీ మెల్లగా నేలకు దిగగలదు. దుకాణంలో చేయించకండి, తెలిసినవాళ్లతో చేయించండి.

పశువైద్య విద్యార్థిని
అన్నా, ఒక్క రెక్క కత్తిరించడం దారుణమన్న మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతాదానితో నేను ఏకీభవించను. నేను తిరుపతిలో పశువైద్యం చదువుతున్నాను, చదువు ఇంకా పూర్తి కాలేదు.

గోటితో పోలిక సగం వరకే సరిపోతుంది. పూర్తిగా పెరిగిన ఈక కాడలో రక్తం ఉండదు. కానీ కొత్తగా వస్తున్న ఈక కాడ నిండా రక్తమే. అది తెగితే ఆగకుండా కారుతుంది. బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు, దాని ఒంట్లోని రక్తమంతా కలిపినా మూడు నాలుగు మిల్లీలీటర్లు దాటదు. ఈ పిల్ల తొలిసారి ఈకలు మార్చుకునే వయసులో ఉంది. కత్తెర పట్టిన మనిషి ఒక్కో ఈకనూ వెలుతురుకు పెట్టి చూస్తాడా?

అంతకన్నా పెద్ద విషయం భయం. బడ్జీ ఇతర జంతువులకు ఆహారమయ్యే జీవి. భయం వేస్తే దానికి తెలిసిన రక్షణ ఒక్కటే, ఎగిరిపోవడం. ఆ దారి మూసేశాక అది వేలి మీద కదలకుండా కూర్చుంటుంది, చూసేవారు మచ్చికైందనుకుంటారు. దగ్గరగా చూడండి అక్కా. ఈకలు ఒంటికి అతుక్కుపోయి, మెడ నిక్కి, ఒళ్లు సన్నగా బిగుసుకుని ఉంటే అది భయం. మనిషిని నమ్మిన పక్షి ఈకలు వదులుగా పెట్టుకుంటుంది, ఒంటికాలి మీద నిలబడుతుంది, కునుకు పట్టే ముందు ముక్కు కిర్రుకిర్రుమని నూరుకుంటుంది. రెక్కలు తిరిగి వచ్చిన రోజున, భయంతో బిగుసుకుని కూర్చున్న ఆ పక్షి మళ్లీ పంజరం మూలకు పారిపోతుంది. కత్తిరించి మీరు సంపాదించిన ఆ వారం ఏమైనట్టు?

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. బడ్జీ ఛాతీ కండరాలు ఎగరడానికే పుట్టాయి. కదలిక లేకుండా గింజలే తింటూ కూర్చునే బడ్జీలకు కాలేయంలో కొవ్వు పేరుకోవడం చాలా మామూలు జబ్బు. ఈకలు మరీ కురచగా తీస్తే పక్షి రాయిలా పడి ఛాతీ ఎముకకు దెబ్బ తగిలించుకుంటుంది.

కట్టమంచి పక్షిశాల
తల్లీ, చదువుకున్న మాటలు బాగానే చెప్పారు. నా ప్రశ్నకు జవాబు రాలేదు. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ఫ్యాను కట్టేసి కూర్చునే ఇల్లు ఏదో చూపించండి. ఆ ఇంట్లో పసివాడున్నాడు, పెద్దావిడ ఉన్నారు, వీధి తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంది. పుస్తకంలోని ఇంట్లో ఇవన్నీ ఉండవు. ఒక్కసారి ఎవరో ఏమరిస్తే చాలు, మీరు చెప్పిన కండరాలు, కాలేయం దేనికీ పనికిరావు.

తిరుచానూరు అక్క
అన్నయ్యా, ఆ జవాబు నేను చెబుతాను. మా ఇంట్లోనూ సీలింగు ఫ్యానే. ఫ్యాను ఆగాలి అన్నది ఇల్లంతటికీ, రోజంతటికీ పెట్టే నియమం కాదు. పక్షి పంజరం బయట ఉండేది ఒక్క గదిలో, ఒక్క గంట. మన ఎండలకు ఆ గంట తెల్లవారి ఆరింటికి పెట్టుకోవాలి. ఆ వేళ ఫ్యాను లేకపోయినా ఎవరికీ ప్రాణం పోదు. గది తలుపు గడియ వేసి, కిటికీ అద్దాలకు తెర కట్టి, అప్పుడే పంజరం తీస్తాం. అద్దం అక్కడుందని తెలియక కొత్త పక్షి నేరుగా వెళ్లి కొట్టుకుంటుంది, ఆ తెర మరవకండి. మిగతా పగలంతా పంజరంలోనే ఉంటుంది. అందుకే పంజరం ఎత్తుకన్నా పొడవు ఎక్కువ ఉన్నది కొనాలి, బడ్జీ అడ్డంగా ఎగిరే పక్షి. గుండ్రటి పంజరాలు చూడటానికి మాత్రమే ముచ్చటగా ఉంటాయి.

చెల్లెమ్మా, ఇక మచ్చిక. తెచ్చిన మొదటి రోజుల్లో దాన్ని పట్టుకునే ప్రయత్నమే చేయకండి. పంజరం ఒక వైపు గోడకు ఆనించి, మన ఛాతీ ఎత్తున పెట్టండి. నాలుగు వైపులా మనుషులు తిరిగితే దానికి ఎటూ దిక్కు తోచదు. పక్కన కూర్చుని మీ అబ్బాయిని పాఠం పైకి చదువుకోమనండి. గొంతు అలవాటవడమే మొదటి మెట్టు. మీరు పక్కనుండగా అది గింజలు తినడం మొదలుపెడితే చేయి పంజరం బయట ఊరికే ఆనించి ఉంచండి. దానికీ అలవాటు పడ్డాక కొర్ర కంకి పట్టుకుని చేయి లోపలికి పెట్టండి. విదేశీ ప్యాకెట్లలో ఖరీదుకు అమ్మేదీ కొర్ర కంకే, మన రాయలసీమ పొలాల్లో పండేదే. మందు కొట్టని కంకి దొరికితే అంతకన్నా మంచి తాయిలం లేదు. రోజంతా పంజరంలో వేలాడదీయకండి, మీ చేతి నుంచే అందాలి. మొదట మెడ చాచి ఒక గింజ లాక్కుని వెనక్కి పోతుంది. పోనివ్వండి. కంకిని వేలి వెనుకకు జరుపుతూ పోతే ఒక రోజు తిండి కోసం వేలెక్కుతుంది. ఆ తరువాత కాళ్లకు కాస్త పైన, పొట్టకు వేలు మెత్తగా తాకిస్తే ఎక్కడం నేర్చుకుంటుంది.

వెనక నుంచి పిడికిట పట్టుకోవడం మాత్రం వద్దు, అన్నాళ్ల శ్రమా నీళ్లపాలవుతుంది. పస్తు పెట్టి లొంగదీయమని కొందరు చెబుతారు. వినకండి, ఇంత చిన్న పక్షి ఒక పూట తినకపోతేనే నీరసించిపోతుంది. పంజరంలోకి తిరిగి పంపడానికీ తరమకండి. కంకి లోపల కనిపిస్తే అదే వెళుతుంది.

కత్తెర గురించి ఇంత మాట్లాడుతున్నాం గానీ పొగ గురించి ఎవరూ అనలేదు. వంటింటికి తలుపు లేదన్నారు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి పక్షిని నిమిషాల్లో చంపేస్తుంది, కంటికి పొగ కనిపించాల్సిన అవసరం కూడా లేదు. శుక్రవారం సాంబ్రాణి, అగరబత్తి, దోమల చుట్ట ఇవన్నీ దాని ఊపిరితిత్తులకు చేటే. ముందు పంజరాన్ని వంటింటికి, పూజగదికి దూరంగా మార్చండి.

చంద్రగిరి మాస్టారు
మీ అందరి మాటలూ చదివాను. నా అభ్యంతరం ఇంకా మొదట్లోనే ఉంది. చిన్నప్పుడు కోట దగ్గర చిలక జోస్యం చెప్పేవారి చిలుకలను చూసేవాళ్లం. రెక్కలు కత్తిరించిన రామచిలుక బయటికి వచ్చి, చీటీ తీసి, తనంతట తానే లోపలికి వెళ్లేది. అది విధేయత అని మెచ్చుకునేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, పంజరంలో ఉంచడం నేరం. దేశవాళీ చిలుకకు ఇచ్చిన గౌరవం ఈ పరాయి చిలుకకు ఎందుకు ఇవ్వం? ఎగరనిచ్చే చోటు లేని ఇంట్లో పక్షి ఎందుకు? శేషాచలం అడవి పక్కనే ఉంది, వదిలేస్తే పోదా?

పశువైద్య విద్యార్థిని
మాస్టారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది. కానీ దయచేసి ఎవరూ వదలకండి. బడ్జీ ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎండు మైదానాల్లో గుంపులుగా తిరిగే జాతి. 1840లో జాన్ గౌల్డ్ అనే ఆంగ్ల పక్షిశాస్త్రవేత్త వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు, ఆ తరువాత తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నాయి. ఈ పిల్ల తండ్రి, తాత కూడా అడవి చూసి ఉండరు. శేషాచలంలో వదిలితే అది స్వేచ్ఛ కాదు, డేగకు ఆహారం. ఎగరనిచ్చే చోటు లేకపోతే కొనకూడదన్న మాట మాత్రం నాదీ.

అక్కా, కొత్త పక్షిని ఒకసారి పరీక్ష చేయించండి. ఇక్కడి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, దానికి అనుబంధంగా వైద్యశాల కూడా ఉంది. బడ్జీలు జబ్బును చివరి దాకా దాచుకుంటాయి. పగలు కూడా ఈకలు ఉబ్బించి, తోక ఊపిరితో పాటు ఎగసిపడుతూ, అడుగున కూర్చుంటే మరునాటి దాకా ఆగకండి. గింజలతో పాటు కొత్తిమీర, మునగాకు, క్యారెట్ తురుము అలవాటు చేయండి. అవకాడో, చాక్లెట్, ఉప్పు వేసినవి పెట్టకూడదు.

కట్టమంచి పక్షిశాల
తిరుచానూరు చెల్లెమ్మ చెప్పిన ఒక్క గది, ఒక్క గంట పద్ధతిని నేను కాదనను. పాటించగలిగే ఇంట్లో కత్తెర అక్కర్లేదు. నా అనుమానమల్లా పాటించడం మీదే. మొదటి నెల అందరికీ జాగ్రత్త ఉంటుంది, పాత పడ్డాక గడియ వేయడం మరుస్తారు. కాబట్టి అమ్మా, మీ ఇంట్లో ఆ గడియ బాధ్యత ఎవరిదో ముందు తేల్చుకోండి. ఎవరిదీ కాదంటే నా మాటే సరైనదని ఇప్పటికీ అంటాను.

కొర్లగుంట అమ్మ
అందరికీ నమస్కారం. రాత్రి ఇంట్లో అందరం కూర్చుని ఇదంతా చదివాం. కత్తిరించడం లేదు. పంజరం హాల్లో నుంచి వెనక గదికి మారింది, రాత్రి అక్కడ టీవీ వెలుగు కూడా ఉండదు. గడియ బాధ్యత తనదని మా అత్తగారు తీసుకున్నారు. ఉదయం ఆరింటికి ఆ గదిలో ఫ్యాను స్విచ్చి మీద అట్టముక్క అతికించడం మా అబ్బాయి పని. కొర్రలు అంగట్లో దొరికాయి, కంకి కోసం మా పుట్టింటి వైపు చెప్పి పంపాను. మా వారు ఒక షరతు పెట్టారు: వెనక గది కిటికీకి, వీధి తలుపుకు దోమతెర బిగించే దాకా పక్షి పంజరం దాటకూడదు. వడ్రంగి శుక్రవారం వస్తానన్నాడు.

కట్టమంచి పక్షిశాల
మీ వారి షరతు న్యాయమైనది. కిటికీకి మాత్రం నైలాన్ తెర వద్దమ్మా, ముక్కుతో కొరికి రంధ్రం చేసేస్తుంది. స్టీలు జాలీ బిగించమని వడ్రంగికి ముందే చెప్పండి.