‘ధర్మహింసా తథైవ చ’: ఈ పాదం భారతంలో ఉందా?

ఎక్కడ యుద్ధం మొదలైనా వాట్సాప్‌లో ఈ శ్లోకం తిరగడం మొదలవుతుంది: “అహింసా పరమో ధర్మః, ధర్మహింసా తథైవ చ”. అహింస పరమధర్మం, ధర్మం కోసం చేసే హింస కూడా అంతే అని అర్థం రాస్తారు. గాంధీగారు మొదటి సగం చెప్పి రెండోది దాచేశారని ఒక వ్యాఖ్య కూడా తగిలిస్తారు. ఇది నిజమేనా అని గుంపులో ఒకరు అడిగారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదటి పాదం మహాభారతంలో ఆది, అరణ్య, అనుశాసనిక పర్వాల్లో కనిపిస్తుంది. రెండోది వాటిలో ఎక్కడా దాని పక్కన లేదు. పుణేలోని భండార్కర్ సంస్థ ఎన్నో రాతప్రతులు పోల్చి తయారుచేసిన పరిష్కృత ప్రతిలోనూ లేదు.

మరి చెవికి అనుమానం ఎందుకు రాదంటే, ఛందస్సు సరిపోయింది. ఈ శ్లోకం నడిచే అనుష్టుప్పు ఛందస్సులో ఐదో అక్షరం లఘువు, ఆరోది గురువు, సరిపాదంలో (రెండు, నాలుగు పాదాల్లో) ఏడోది లఘువు కావాలి. ‘తథైవ’ అక్కడ చక్కగా కుదిరింది. చిక్కంతా సమాసంలో ఉంది. జీవహింస అంటే జీవులకు చేసే హింస. ఆ లెక్కన ధర్మహింస అనగానే ముందు స్ఫురించేది ధర్మానికి చేసే హింస! ధర్మం కోసం అని చెప్పదలిస్తే ‘ధర్మార్థం’ అనే మాట సంస్కృతంలో సిద్ధంగానే ఉంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. అహింసే పరమధర్మమైతే రక్షణకు బలం వాడకూడదా అని ఈ అతుకు వేసినవారికి వచ్చిన సందేహం మూలంలోనే ఉంది, జవాబూ అక్కడే ఉంది. ఆదిపర్వంలో రురుడి కథ గుర్తుచేసుకోండి. అతను పెళ్లాడబోయే ప్రమద్వరను పాము కాటేసి చంపింది. రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చి ఆమెను బతికించుకున్నాడు. అయినా పగ చల్లారక, కనబడిన పామునల్లా కర్రతో కొట్టి చంపుతూ తిరిగాడు. ఒకరోజు డుండుభం అనే విషం లేని పాము మీదికి కర్ర ఎత్తితే, నేను నీకేం అపకారం చేశానని అది అడిగింది. శాపం వల్ల పాము రూపంలో ఉన్న ఆ ముని నోటి నుంచి వచ్చిన మాటే “అహింసా పరమో ధర్మః”. అంటే ఒకరి తప్పుకు జాతి మొత్తాన్ని శిక్షిస్తున్నవాడితో అన్న మాట అది. ఆ వెంటనే ముని ఇంకో సంగతి చెబుతాడు: దండం ధరించడం, ఉగ్రత్వం, ప్రజలను పాలించడం క్షత్రియుడి ధర్మం, బ్రాహ్మణుడివైన నీది కాదు. రాజ్యరక్షణకు బలం అక్కర్లేదని ఆయన అనలేదు. అది ఎవరి పనో, ఎందుకో చెప్పాడు. ఆ వెంటనే జనమేజయుడి సర్పయాగం ప్రస్తావన తెస్తాడు. అదీ పగతో జాతి మొత్తాన్ని చంపబోయిన కథే. నన్నయగారి తెలుగులోనూ రురుడి కథ ఉంది, వరసగా చదివి చూడండి.

ఇక అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకునేవాడు. దుక్కి దున్నినా నేలలోని ప్రాణులు చస్తాయి, ఈ లోకంలో హింస చేయనివాడెవడు అని అడుగుతాడు. అహింసను గొప్పగా చెప్పిన గ్రంథమే ఇంత నిజాయితీగా మాట్లాడుతుంటే, మధ్యలో మన అతుకు దేనికి?

ఇతర మతాల సంగతేమిటని కూడా గుంపులో అడిగారు. అక్కడ అతకడం కంటే కత్తిరించడం ఎక్కువ. ఖురాన్ 2వ అధ్యాయం 190వ వాక్యంలో, మీతో పోరాడేవారితో పోరాడండి అని ఉంది. ఆ వాక్యమే హద్దు మీరకండి, హద్దు మీరేవారిని దేవుడు ప్రేమించడు అని ముగుస్తుంది. మొదటి ముక్క ఒక్కటే పట్టుకుని తిరిగేవాళ్లు ముస్లింలలోనూ ఉన్నారు, వాళ్లంటే గిట్టనివాళ్లలోనూ ఉన్నారు. గురు గోబింద్ సింగ్ ఔరంగజేబుకు పారసీకంలో రాసిన జఫర్‌నామాలో కత్తి పట్టడం న్యాయమే అన్న పాదం ప్రసిద్ధం. మిగిలిన ఉపాయాలన్నీ విఫలమైనప్పుడు అనే షరతు దానికి ముందు పాదంలోనే ఉంది. బౌద్ధుల ధమ్మపదం ఐదో గాథ మాత్రం ఏ షరతూ పెట్టదు: వైరం వైరంతో ఎన్నటికీ చల్లారదు.

నాకు అన్నిటికంటే పదునుగా తోచింది జైనుల ఆలోచన. సన్యాసికి హింస పూర్తిగా నిషిద్ధం. గృహస్థుకు మాత్రం నాలుగు రకాలుగా విడదీశారు: కావాలని చేసేది, ఇంటిపనుల్లో జరిగేది, వృత్తిలో జరిగేది, దాడిని ఎదుర్కోవడంలో జరిగేది. చివరిదాన్ని ‘విరోధీ హింస’ అన్నారు. గృహస్థుకు అది తప్పనిసరి కావచ్చని ఒప్పుకున్నారు. శ్రవణబెళగొళలో గొమ్మటేశ్వరుడి విగ్రహాన్ని నిలిపిన చాముండరాయుడు స్వయంగా గంగరాజుల సేనాపతి. అయినా విరోధీ హింసను వాళ్లు హింస అనే పిలిచారు, పరమధర్మం పక్కన కూర్చోబెట్టలేదు.

‘ధర్మహింసా తథైవ చ’ ఏ పాత ముద్రిత ప్రతిలోనైనా మీ కంటపడితే పర్వం, అధ్యాయం, శ్లోకం సంఖ్యతో పాటు ఆ పేజీ ఫొటో పెట్టండి. ఫార్వర్డ్ మెసేజ్ మాత్రం వద్దు.