ఒకే రకం ఏఐఎక్స్ సర్వర్లు రెండు, మెమరీ పరిమితి మాత్రం వేర్వేరు. ఎందుకు?

నాగావళి_బ్యాచ్:
విజయనగరం ఆఫీసులో ఒకటి, శ్రీకాకుళం బ్రాంచిలో కొత్తగా పెట్టింది ఒకటి. రెండూ ఏఐఎక్స్ 7.2 (ఐబీఎం వాళ్ళ యూనిక్స్), రెండింట్లోనూ 32 జీబీ ర్యామ్. నెలాఖరు బిల్లుల ప్రోగ్రాం విజయనగరంలో శుభ్రంగా అయిపోతుంది, ఇక్కడ శ్రీకాకుళంలో సగంలో మాలోక్ (ప్రోగ్రాం మెమరీ అడిగే పిలుపు) ఫెయిలై పడిపోతోంది. యూజరూ అదే, ప్రోగ్రాం ఫైలూ అదే. పరిమితులు చూపించే 'యులిమిట్ -ఎ' కొడితే ఇక్కడ డేటా 131072, స్టాక్ 32768, మెమరీ 32768. అక్కడ డేటా, మెమరీ రెండూ అన్‌లిమిటెడ్. పడిపోయే టైములో టోపాస్ (సిస్టం వాడకం చూపే కమాండు) చూస్తే సగానికి పైగా ర్యామ్ ఖాళీ. ర్యామ్ పెంచమని రాయమంటారా?

పెద్దచెరువు:
వద్దండీ, ర్యామ్ జోలికి పోకండి. గోడౌన్లో ఎన్ని బస్తాలున్నా కార్డు మీద రాసినంతే ఇస్తారు కదా, ఇదీ అంతే. ఆ కార్డు /ఈటీసీ/సెక్యూరిటీ/లిమిట్స్ ఫైలు. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అందులో డిఫాల్ట్ కింద డేటా = 262144 ఉంటుంది. అది 512 బైట్ల బ్లాకుల లెక్క, అంటే 128 ఎంబీ. యులిమిట్ అదే పరిమితిని కేబీల్లో చూపిస్తుంది కాబట్టి మీకు 131072 కనబడింది. ఈ రెండు లెక్కలూ కలిపేసుకునే చాలామంది సగమే పెంచి ఊరుకుంటారు. విజయనగరంలో ఎవరో ఎప్పుడో -1, అంటే అన్‌లిమిటెడ్, పెట్టేసి ఉంటారు.

రూట్‌గా 'ఎల్‌ఎస్‌యూజర్ -ఎ డేటా డేటా_హార్డ్ స్టాక్ ఎఫ్‌సైజ్' పక్కన యూజర్ పేరు రాసి రెండు చోట్లా కొట్టి పోల్చండి. తర్వాత 'సీహెచ్‌యూజర్ డేటా=4194304' పక్కన అదే యూజర్ పేరు. అది 2 జీబీ. డిఫాల్ట్ మార్చొద్దు, అందరికీ తగులుతుంది. మళ్ళీ లాగిన్ అయితేనే వర్తిస్తుంది. ముందునుంచీ నడుస్తున్న ప్రాసెస్, దాని పిల్లలు పాత పరిమితితోనే ఉంటాయి.

మెమరీ 32768 చూసి కంగారొద్దు. అది ఆర్ఎస్ఎస్, అంటే ప్రాసెస్ ర్యామ్‌లో ఉంచుకునే భాగం; ఆ పరిమితిని ఏఐఎక్స్ అమలు చెయ్యదు. ఎఫ్‌సైజ్ (ఫైలు సైజు పరిమితి) మాత్రం చూడండి: 2097151 ఉంటే ఏ ఫైలైనా 1 జీబీ దగ్గర ఆగిపోతుంది.

నాగావళి_బ్యాచ్:
చేశాను గురూగారూ. మళ్ళీ లాగిన్ అయితే డేటా 2097152 చూపిస్తోంది. 128 ఎంబీ దాటింది గానీ 250 ఎంబీ దగ్గర మళ్ళీ అదే మాలోక్ ఎర్రర్.

కోట_కన్సోల్:
అయితే అది 32 బిట్ ప్రోగ్రామే. 'ఫైల్' కమాండుతో చూడండి, 64 బిట్ అయితే ఆ మాట రాసి ఉంటుంది. 32 బిట్ ప్రోగ్రాంకి డేటా, స్టాక్ రెండూ మామూలుగా ఒకే 256 ఎంబీ సెగ్మెంట్లో (మెమరీ అడ్రసుల ముక్కలో) సర్దుకోవాలి. యులిమిట్ ఎంత పెంచినా ఆ గోడ కదలదు.

మరి అదే ఫైలు విజయనగరంలో ఎలా నడుస్తోందంటే, అక్కడ ఎన్విరాన్‌మెంట్‌లో ఎల్‌డీఆర్_సీఎన్‌టీఆర్‌ఎల్ అనే వేరియబుల్ ఉండాలి. 'ఎన్వ్' కొట్టి వెతకండి. విలువ మ్యాక్స్‌డేటా=0ఎక్స్80000000 అయితే 8 సెగ్మెంట్లు, 2 జీబీ. దాన్ని ప్రొఫైల్లో ఎక్స్‌పోర్ట్ చెయ్యకండి, ఆ షెల్ నుంచి లేచే ప్రతి 32 బిట్ ప్రోగ్రాంకీ అంటుకుంటుంది. స్క్రిప్టులో ఆ ప్రోగ్రాం పిలిచే చోట, దాని పేరుకి ముందు, అదే లైన్లో రాయండి. సోర్సు చేతిలో ఉంటే -క్యూ64తో 64 బిట్‌గా కంపైల్ చేసేయడమే మేలు.

రాత్రి_డ్యూటీ:
మధ్యలో వస్తున్నా. మా దగ్గర లినక్స్. పరిమితులు రాసే లిమిట్స్.కాన్ఫ్‌లో పెంచినా సర్వీసుకి అందట్లేదు.

పెద్దచెరువు:
ఆ ఫైలు లాగిన్ సెషన్లకే, పామ్ (లాగిన్ తనిఖీ చేసే భాగం) ద్వారా. సిస్టమ్‌డీ (సర్వీసులు మొదలుపెట్టే ప్రోగ్రాం) లేపే సర్వీసుకి అది వర్తించదు. ఆ సర్వీసు యూనిట్ ఫైల్లో కావలసిన పరిమితులు లిమిట్‌ఏఎస్ (మొత్తం అడ్రసు స్థలం), లిమిట్‌మెమ్‌లాక్ (లాక్ చేసే మెమరీ) రాసి, డీమన్-రీలోడ్ చేసి, సర్వీసు రీస్టార్ట్ చెయ్యండి. నిజంగా అందిందా లేదా అన్నది /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్లో 'లిమిట్స్' ఫైలు చెబుతుంది. మీ షెల్లో కొట్టిన యులిమిట్ మీ షెల్ సంగతే చెబుతుంది.

నాగావళి_బ్యాచ్:
దొరికిందండీ. అక్కడ యూజర్ .ప్రొఫైల్లో చివరి లైన్లో ఉంది ఆ ఎల్‌డీఆర్_సీఎన్‌టీఆర్‌ఎల్. ఇక్కడ స్క్రిప్టులో పెట్టాక పూర్తయింది. చేత్తో నడిపాను, రాత్రికి క్రాన్‌లో (టైముకి తానే నడిపే షెడ్యూలరులో) పెడుతున్నా.

కోట_కన్సోల్:
క్రాన్ .ప్రొఫైల్ చదవదు, స్క్రిప్టులో పెట్టి మంచి పని చేశారు. మొదటి రాత్రికి స్క్రిప్టు పైనే 'యులిమిట్ -ఎ', 'ఎన్వ్' రెండూ లాగ్‌లోకి పంపండి.