మూసీ శుద్ధి: కొత్త మేయర్‌కు మార్కులు దేన్ని చూసి వేయాలి?

వలిగొండ కత్వ: హైదరాబాద్ నగరానికి కొత్త మేయర్ ఎవరొచ్చినా మొదటి నెలల్లో కనబడే పని ఒక్కటే. నాలాలో జేసీబీ, గట్టు మీద గుర్రపు డెక్క (నీళ్ల మీద పెరిగే కలుపు) కుప్పలు, ఫొటోలు. వలిగొండ, కేతేపల్లి, సూర్యాపేట దిక్కు పారేది ఆ నీళ్లే గదా, దీన్ని ప్రగతి అందామా? నేనైతే అనను. మురుగులో నైట్రోజన్, ఫాస్ఫరస్ ఉన్నన్ని దినాలు డెక్క రెండు వారాలకు రెట్టింపైతది. తీసింది గట్టు మీదనే వదిలేస్తే కుళ్లి, ఆ రసం మళ్ల ఏట్లకే. మందు కొట్టి చంపితే ఇంకా నష్టం: చచ్చిన డెక్క అడుగుకు పోయి, నీళ్లల్ల ఉన్న కాస్త ఆక్సిజన్‌ను కూడా తినేస్తది.

నాలా లెక్క: మరీ కొట్టిపారేయకు అన్నా. మేయర్ చేతిలో ఏముందో చూడు ముందు. మురుగు లైన్లు, ఎస్టీపీలు (మురుగు శుద్ధి ప్లాంట్లు) జలమండలివి. ఫ్యాక్టరీల వ్యర్థాలు కాలుష్య నియంత్రణ మండలి చూసుకోవాలె. కార్పొరేషన్‌కు మిగిలేది చెత్త, నాలాల పూడిక, కూల్చిన ఇళ్ల మట్టి. రాత్రిపూట నాలాలో సెప్టిక్ ట్యాంకర్లు గుమ్మరించకుండా కాపలా పెట్టినా చిన్న పనేం కాదు. 4,000 లీటర్ల ట్యాంకర్, లీటరుకు 5,000 మి.గ్రా. బీఓడీ (నీళ్లల్లోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) అనుకుంటే 20 కిలోలు. మామూలు మురుగు 250 మి.గ్రా. లెక్కన 80,000 లీటర్లతో సమానం.

వలిగొండ కత్వ: అదే లెక్క ఎస్టీపీకి పెట్టు. అంబర్‌పేట ప్లాంటు ఒక్కటే 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. బయటికొచ్చే నీళ్లల్ల బీఓడీ లీటరుకు 10 మి.గ్రా. ఉండాల్సింది 30 ఉంటే రోజుకు 6,780 కిలోలు అదనం. అంటే నీ ట్యాంకర్లు 339! మురుగులోకి గాలి ఊదే కరెంటు యంత్రాలు, అవే బ్లోయర్లు, ఆగితే ఈ తేడా వస్తది. కాపలావాడిని నాలా దగ్గర కాదు, కరెంటు మీటర్ దగ్గర నిలబెట్టాలె.

వింక్లర్ సీసా: ఇద్దరూ కిలోల్లో మాట్లాడుతున్నారు, సంతోషం. ఎక్కువమంది లీటరుకు ఎన్ని మి.గ్రా. అన్న దగ్గరే ఆగిపోతారు. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లెత్తిన వారం నీళ్లు పలచబడి బీఓడీ దానంతటదే తగ్గుతుంది. వానాకాలంలో కుర్చీ ఎక్కిన మేయర్‌కు ఆ ఘనత ఉత్తపుణ్యానికే దక్కుతుంది. ప్రవాహం కూడా కొలిచి, నిరుడు ఇదే నెలతో పోల్చాలి.

కరిగిన ఆక్సిజన్ అంకెలో ఇంకో మాయ ఉంది. కత్వ (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీంచి దూకిన నీళ్లల్లో గాలి కలుస్తుంది కాబట్టి కింద నమూనా తీస్తే అంకె బాగుంటుంది. మధ్యాహ్నం తీస్తే పాచి వదిలే ఆక్సిజన్ కూడా కలుస్తుంది. కత్వకు పైన, తెల్లవారకముందు తీయండి. 300 మి.లీ. సీసాను గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షార అయోడైడ్-అజైడ్ వేసి మూత పెట్టి తిప్పండి. గోధుమ రంగు తునకలు దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే దిగిందా, సున్నా! స్నానానికి పనికొచ్చే నీళ్లంటే లీటరుకు కనీసం 5 మి.గ్రా. ఆక్సిజన్, బీఓడీ 3కు మించకూడదు. బీఓడీ నమూనా ఐస్ పెట్టెలో పోవాలి, ఎండలో జీపు వెనకాల కాదు.

నాలా లెక్క: ఒప్పుకుంటా. కానీ నాలా మూతుల దగ్గర జాలీలు పెట్టడం మేయర్ పనే, అక్కడ తప్పు జరిగితే కాలనీలే మునుగుతయి. సందులు మరీ సన్నగా పెడితే మొదటి వానకే కవర్లు, గుడ్డలు అడ్డంపడి నీళ్లు ఎనక్కి తన్నుతయి. జాలీ పెట్టిన లెక్క ఎవరైనా ఇస్తరు, రోజూ గీకిన లెక్క అడగండి.

వలిగొండ కత్వ: అది న్యాయం. నమూనాలు మాత్రం నగరంలోని బాపుఘాట్, నాగోల్ తోటే ఆపొద్దు, పిల్లాయిపల్లి కత్వ పైన కూడా తీయాలె. మా కాలువలకు మళ్లేది ఆ నీళ్లే.